కప్పు కారలేదు, చెమర్చింది: ఒక అద్దె ఫ్లాట్ బాత్‌రూమ్ కేసు

నేను సివిల్ ఇంజినీర్‌ని. కొత్త ఇళ్లు కట్టించడం మానేసి చాలా కాలమైంది. కట్టిన ఇళ్లలో చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో వెతికి చెప్పడమే ఇప్పుడు నా పని. హైదరాబాద్‌లో వానాకాలమంతా ఈ పనికి తీరిక ఉండదు. డిసెంబర్, జనవరి నెలల్లో వచ్చే ఫోన్లు మాత్రం వేరే రకం. అవి ఎక్కువగా ఓనర్‌కీ అద్దెకున్నవాళ్లకీ మధ్య నలుగుతున్న గొడవలు. ఈ కేసూ అలాంటిదే. ఇందులో నేనే ఒక పొరపాటు చేశాను కాబట్టి రాయడం అవసరమనిపించింది. మనుషులు గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

కూకట్‌పల్లి అవతల, స్టిల్ట్ మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. కట్టి పన్నెండేళ్లు. అందులో మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఓనర్ రిటైరైన ఉద్యోగి, నగరంలోనే ఇంకోచోట ఉంటారు. అద్దెకున్నది భార్యాభర్తలు, నాలుగు నెలల పాప, పాపను చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ. అద్దె 22 వేలు, అడ్వాన్స్ 44 వేలు. పదకొండు నెలల అగ్రిమెంట్. మామూలుగా అందరూ రాసుకునేదే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటారని అందులో ఒక లైను ఉంది. చివర్లో ఆ లైనే పనికొచ్చింది.

గొడవంతా అటాచ్డ్ బాత్‌రూమ్ గురించి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు. ఏడడుగుల దాకా టైల్స్, ఆ పైన పుట్టీ, పెయింట్. వెంటిలేటర్ బయటికి కాకుండా బిల్డింగ్ మధ్యలో టెర్రస్ దాకా నిలువుగా పోయే గొట్టంలాంటి ఖాళీలోకి, అంటే డక్ట్‌లోకి తెరుచుకుంటుంది. పైన నాలుగో అంతస్తువాళ్ల బాత్‌రూమ్. మన అపార్ట్‌మెంట్లన్నిటిలో ఉన్నట్టే సంకన్ స్లాబ్, అంటే పైవాళ్ల పైపుల కోసం అడుగు లోతు కిందికి దించి, ఇటుక ముక్కలతో నింపేసిన గుంత. ఆ గుంత అడుగు భాగమే కిందివాళ్లకు సీలింగ్.

సమస్య

ఫోన్ చేసింది అసోసియేషన్ సెక్రటరీ. "సార్, ఓనర్ గారేమో అడ్వాన్స్‌లో ముప్పై ఐదు వేలు కట్ చేస్తానంటున్నారు. అద్దెకున్నబ్బాయి పైవాళ్ల లీకేజీ అంటున్నాడు. పైవాళ్లు మాకేం సంబంధం అంటున్నారు. మీరొచ్చి ఏదో ఒకటి తేల్చండి."

వెళ్లి చూస్తే సీలింగ్ మూలల్లో, బీమ్ వెంబడి నల్లటి చుక్కలు, ఆవాలు చల్లినట్టు. పెయింట్ పొరలు లేచి ఎండిన వడియాల్లా ముడుచుకున్నాయి. తలుపు కింది భాగం జానెడు మేర ఉబ్బింది. బెడ్‌రూమ్‌లో, ఉత్తరపు గోడకు ఆనించి చేయించిన వార్డ్‌రోబ్ తెరిస్తే ముక్క వాసన. అమ్మమ్మ గారు ఒక పట్టుచీర తీసి మడత విప్పి చూపించారు. అంచు పొడవునా తెల్లగా బూజు.

"మేమున్నప్పుడు పదేళ్లు ఒక్క చుక్క పడలేదండీ. వీళ్లు రోజంతా గీజర్ వేస్తారు, తలుపులన్నీ బిగించుకుని కూర్చుంటారు" అన్నారు ఓనర్.

"మేం దిగిన రోజే ఆ మరక ఉంది అంకుల్, ఫొటో చూపించనా?" అన్నాడు అబ్బాయి.

ఇద్దరూ చెప్పింది నిజమే. అదే ఇబ్బంది. ముప్పై ఐదు వేలు ఓనర్ తెప్పించిన కాంట్రాక్టర్ ఎస్టిమేట్. బాత్‌రూమ్ టైల్స్ పీకి కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేయడం కూడా అందులో ఉంది. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎవరూ చూడకముందే ఎంత ఖర్చవుతుందో, ఎవరు కట్టాలో తేలిపోయిందన్నమాట.

చేసి చూసినవి, బెడిసికొట్టినవి

నేను రాకముందే ఓనర్ ఒకసారి యాంటీ ఫంగల్ పెయింట్ వేయించారు. ఐదు వారాల్లో చుక్కలు మళ్లీ తేలాయి. పాత బూజును కడగకుండా, గోడ ఆరకుండా, దాని మీదే పెయింట్ పూశారు. ఎంత ఖరీదైన డబ్బా అయినా అలా వేస్తే నిలవదు.

ఇక నా వంతు. సీలింగ్ మధ్యలో పళ్లెమంత పసుపురంగు మరక ఉంది. పసుపు అంచు కనిపిస్తే స్లాబ్‌లోంచి నీళ్లు దిగాయని అర్థం. పైన సంకన్ స్లాబ్, పన్నెండేళ్ల టైల్స్. ఇలాంటివి చూసీ చూసీ అలవాటైపోయి, మెట్లెక్కేటప్పుడే 'పైనుంచే' అని మనసులో రాసేసుకున్నాను. పైవాళ్లను బతిమాలి వాళ్ల బాత్‌రూమ్‌లో నహానీ ట్రాప్‌ను, అంటే నేల మీది నీళ్లు పోయే కంతను, గుడ్డతో, ప్లాస్టర్‌తో మూసి, రెండంగుళాల ఎత్తు నీళ్లు నింపి రంగు కలిపాం. 48 గంటలు. కిందికి రంగునీళ్ల చుక్క రాలేదు. కిందివాళ్ల సీలింగ్‌కు మాత్రం పొద్దున పూట చుక్కలు వేలాడుతూనే ఉన్నాయట, అవీ రంగు లేకుండా.

అక్కడ నేను ఆగాల్సింది. ఆగలేదు. జాయింట్లలో సన్నటి లీకేజీ అయితే రెండు రోజుల్లో దిగకపోవచ్చులే అని సర్దిచెప్పుకుని, పైవాళ్లతో టైల్స్ మధ్య గ్రౌటింగ్, అంటే సందులు పూడ్పించే పని, చేయించాను. ఆరు వేలు. అది వాళ్లకు దండగ ఖర్చు. పరీక్ష కాదని చెప్పినా నా అనుమానాన్నే నమ్మాను.

ఒక పని మాత్రం సరిగ్గా చేశాను. మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేశాను. పది రోజుల తర్వాత చూస్తే మరక గీత దాటలేదు, నల్లచుక్కలు మాత్రం బీమ్ వెంబడి ఇంకో అడుగు పాకాయి. అంటే ఆ మరక ఎప్పటిదో పాతది. తర్వాత వాకబు చేస్తే తెలిసింది, వీళ్లు దిగకముందెప్పుడో పైవాళ్ల పైపు ఒకటి పగిలి బాగుచేయించారట. పాత గాయాన్ని చూసి కొత్త జబ్బు పేరు చెప్పానన్నమాట.

పొద్దున ఏడున్నరకు

అప్పటిదాకా నేను వెళ్లింది ఎప్పుడూ పదకొండు తర్వాతే. ఈసారి ఏడున్నరకు వెళ్లాను. అబ్బాయి స్నానం, పాప స్నానం అయిపోయాయి. తలుపు తీస్తే ఎదురుగా ఏమీ కనిపించలేదు. కళ్లజోడు తుడుచుకుని చూస్తే సీలింగ్ అంతా సన్నటి చుక్కలు, మూలల్లో, బీమ్ కింద దట్టంగా. గీజర్‌కు వెళ్లే చన్నీళ్ల పైపు మీద చుక్కలు. అద్దం మీద, టైల్స్ మీద ధారలు. పైవాళ్లు ఆ వారం ఊళ్లోనే లేరు.

కారే నీటికి ఒక దారి ఉంటుంది. ఒకచోట మొదలై ఒకవైపే పాకుతుంది, ఆరాక తెల్లటి ఉప్పు మిగులుస్తుంది. చెమర్చే నీటికి దారి ఉండదు, ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద చుక్కలు పట్టినట్టే. ఇక్కడ ఉప్పు మచ్చుకైనా లేదు.

కొలతలు తీశాను. స్నానాల తర్వాత బాత్‌రూమ్ గాలి 27 డిగ్రీలు, తేమ 97 శాతం. సీలింగ్ 21 డిగ్రీలు. ఒక ఘనపు మీటరు గాలి 25 డిగ్రీల దగ్గర సుమారు 23 గ్రాముల ఆవిరిని మోయగలదు, 20 డిగ్రీలకు దిగితే 17 గ్రాములే. మిగిలిన ఆరు గ్రాములూ నీళ్లైపోతాయి. ఈ బాత్‌రూమ్‌లో దాదాపు తొమ్మిది ఘనపు మీటర్ల గాలి ఉంది. అంటే అందులో ఉన్న గాలి ఒక్కసారి అలా చల్లబడితేనే సగం చాయ్ కప్పు నీళ్లు. వేడినీళ్లు పోసుకుంటున్నంతసేపూ కొత్త ఆవిరి పుడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ చూస్తే తేమ ఇంకా 88 దగ్గరే. నన్ను ఆలోచనలో పడేసింది ఆ అంకే. ఆవిరి పుట్టడం తప్పు కాదు, స్నానం చేస్తే పుడుతుంది. ఆరు గంటలైనా అది ఎందుకు బయటికి పోలేదన్నదే అసలు ప్రశ్న.

వార్డ్‌రోబ్ సంగతీ చూశాను. వెనక గోడకు అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అతికించి రెండు రోజులు వదిలేశాను. లోపలివైపు పొడిగా ఉంది, బయటివైపు తడి. గోడలోంచి వచ్చే చెమ్మ అయితే లోపలే తడవాలి. బెడ్‌రూమ్ గాలి 23 డిగ్రీలు, తేమ 74 శాతం. ఆ గాలి 18 డిగ్రీల చోట చెమరుస్తుంది. వార్డ్‌రోబ్ వెనక ఉత్తరపు గోడ సరిగ్గా 18. స్నానమయ్యాక బాత్‌రూమ్ తలుపు తెరిచి పెడితే ఆవిరంతా గదిలోకి వచ్చి, గాలాడని ఆ సందులో కూర్చుంటోంది.

ఫ్యాన్ పెట్టినా

ఓనర్‌ను ఒప్పించి వెంటిలేటర్‌లో ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను. 1,900 రూపాయలు. ఇక సమస్య తీరినట్టే అనుకున్నాం. వారం తర్వాత అబ్బాయి ఫోన్: "సార్, చప్పుడు తప్ప ఏమీ లేదు."

టిష్యూ కాగితం ముక్కను తిరుగుతున్న ఫ్యాన్ జాలీ దగ్గర పెట్టాను. లాగే ఫ్యాన్ అయితే అతుక్కోవాలి. జారి కిందపడింది. బాత్‌రూమ్ తలుపు తెరిచి పట్టుకుని మళ్లీ పెట్టాను. కాసేపు ఊగి, మళ్లీ పడింది. అంటే ఒకటి కాదు, రెండుచోట్ల అడ్డుంది.

మొదటిది తలుపు కింద దొరికింది. బొద్దింకలు వస్తున్నాయని అమ్మమ్మ గారు రబ్బరు పట్టీ అంటించారు. లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాన్ బయటికి ఏం పంపుతుంది? మూతి మూసిన సీసాలోంచి గాలి పీల్చినట్టే. ఇక్కడ ఉన్నది కరెంట్ గీజర్ కాబట్టి సరిపోయింది. అదే గ్యాస్ గీజర్ అయి ఉంటే, ఇలా బిగించిన బాత్‌రూమ్‌లో కార్బన్ మోనాక్సైడ్ నిండి ప్రాణం మీదికి వచ్చేది. ఆవిడకు ఆ మాట విడిగా, గట్టిగానే చెప్పాను.

రెండోదాని కోసం టెర్రస్ ఎక్కాను. డక్ట్ పైభాగం మొత్తం ఫైబర్ రేకుతో మూసేసి ఉంది, చుట్టూ సిమెంట్ పూసి మరీ. వాచ్‌మన్‌ను అడిగితే, "పోయిన సాలు ఏసిన్రు సార్. పావురాలు అండ్ల పడి సచ్చిపోతున్నయని, వాన గూడ లోపలికొస్తున్నదని" అన్నాడు. ఓనర్ 'పదేళ్లు చుక్క పడలేదు' అన్నది ఎందుకు నిజమో అప్పుడు అర్థమైంది. ఆయన ఉన్నన్నాళ్లూ డక్ట్ తెరిచే ఉంది. ఐదంతస్తుల బాత్‌రూమ్‌ల ఆవిరి ఇప్పుడు ఆ గొట్టంలోనే తిరుగుతోంది. ఓనర్, కిరాయిదారు ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటున్నారు కానీ, పెద్ద వాటా మూడో మనిషిది. నన్ను పిలిచిన అసోసియేషన్‌దే.

పనిచేసింది

రేకు తీసేయమంటే అసోసియేషన్ ఒప్పుకోదు, పావురాల బాధ నిజమే కాబట్టి. అందుకని రేకును అలాగే ఉంచి, పిట్టగోడ మీద అడుగున్నర ఎత్తు ఇనుప కాళ్లు నిలబెట్టి దాని మీదికి ఎక్కించి, నాలుగు వైపులా వల కట్టించమన్నాను. వాన రాదు, పావురం రాదు, గాలి పోతుంది. సెక్రటరీ రెండు వారాలు నానబెట్టి చేయించాడు. తలుపు కింద రబ్బరు పట్టీ తీసి, సన్నజాలీ ఉన్న చిన్న గ్రిల్ బిగించాం, 600 రూపాయలు. టిష్యూ కాగితం ఈసారి జాలీకి అంటుకుని, ఊపినా ఊడలేదు.

వాడకం మాట కూడా ఉంది. ఫ్యాన్‌ను స్నానం అయిన వెంటనే కట్టేస్తున్నారు. పాప లేస్తుందని, కరెంట్ బిల్లు వస్తుందని. 40 వాట్ల ఫ్యాన్ రోజుకు గంట తిరిగితే నెలకు 1.2 యూనిట్లు, పది రూపాయల మాట. లెక్క కాగితం మీద వేసి చూపిస్తే గానీ అమ్మమ్మ గారు నమ్మలేదు. స్నానం తర్వాత తలుపు దగ్గరికి వేసి, అరగంట ఫ్యాన్ వదిలేయాలి, టైల్స్ మీది నీళ్లను వైపర్‌తో లాగేయాలి. ఇంతే అడిగాను.

పాప బట్టలు బాత్‌రూమ్‌లోనే దండెం కట్టి ఆరేస్తున్నారు. రోజుకు ఇరవై గుడ్డలు. ఓనర్ కోపమంతా దాని మీదే. "బాల్కనీ ఉంది కదమ్మా, అక్కడ ఆరేసుకోవచ్చుగా" అన్నారు నా ముందే. ఆ అమ్మాయి ఏమీ అనకుండా లేచి యుటిలిటీ బాల్కనీ తలుపు తీసింది. లోపల పాత ఇనుప బీరువా, మూడు టీవీ అట్టపెట్టెలు, ఒక విరిగిన కుర్చీ. అన్నీ ఓనర్‌వే. 'తర్వాత తీసుకెళ్తాను' అని దిగేరోజు చెప్పినవి. ఆయన ఒక నిమిషం ఊరుకుని, "ఆదివారం ఆటో ట్రాలీ తీసుకొస్తాను" అన్నారు. తెచ్చారు కూడా.

బూజును కడిగించాకే పెయింట్ వేయించాం. బ్లీచింగ్ కలిపిన నీళ్లతో, మాస్క్ కట్టుకుని, కిటికీలు తెరిచి. పనివాడు బాత్‌రూమ్ యాసిడ్ సీసా కూడా పట్టుకొస్తే వద్దన్నాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. వార్డ్‌రోబ్‌ను గోడ నుంచి మూడంగుళాలు ముందుకు జరిపించాం. మూడు వారాల తర్వాత, స్నానాలైన ముప్పావు గంటకు బాత్‌రూమ్ తేమ 70 దగ్గర ఉంది.

డబ్బు లెక్క

చట్టం మాట వచ్చింది కాబట్టి నాకు తెలిసినంత చెప్పాను, మిగతాది లాయర్‌ను అడగమన్నాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే, అద్దెకున్నవాళ్లు ఇంటిని సొంతింటిలా జాగ్రత్తగా వాడుకోవాలి, మామూలు అరుగుదల పోను దిగినప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. ఓనర్‌కు తెలిసి, దిగేవాళ్లకు మామూలుగా చూస్తే కనబడని లోపం ఉంటే ముందే చెప్పాలి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నిర్మాణ మరమ్మతులు, పైపులు, సున్నాలు ఓనర్ వైపు, కుళాయి వాషర్లు, గీజర్ రిపేర్లు, డ్రైనేజీ శుభ్రం అద్దెకున్నవాళ్ల వైపు విడగొట్టి రాశారు. అది నమూనాయే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. కానీ ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికి కొలబద్దగా బాగా పనికొస్తుంది. చెమర్చడం అన్న మాట మాత్రం ఏ జాబితాలోనూ కనబడదు. అందుకే నేను వస్తువుల వారీగా కాకుండా కారణాల వారీగా విడగొట్టాను.

ఆవిరి పోవడానికి దారి ఉండటం ఓనర్ పని. ఆ దారిని వాడటం అద్దెకున్నవాళ్ల పని. కాబట్టి ఫ్యాన్, గ్రిల్ ఓనర్‌వి, డక్ట్ అసోసియేషన్‌ది. సీలింగ్ గీకి, పుట్టీ పెట్టి, పెయింట్ వేయడానికి 7,500 అయింది. దాన్ని అడ్వాన్స్‌లో పట్టుకుంటానని ఓనర్ అంటే, అగ్రిమెంట్‌లోని పెయింటింగ్ లైను చూపించాను. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె ఎలాగూ దానికే తీసుకుంటున్నారు, ఒకే గోడకు రెండుసార్లు వసూలు చేయలేరు కదా. ఆయన లెక్క తెలిసిన మనిషి, ఒప్పుకున్నారు. తలుపు ఖర్చు దగ్గర వాదన చాలాసేపు నడిచింది. బాత్‌రూమ్‌కు అంచులకు పెయింట్ కూడా లేని మామూలు ఫ్లష్ డోర్ పెట్టడం ఓనర్ తప్పు. రోజూ దాని మీదికి నీళ్లు చిమ్ముతున్నా, ఉబ్బడం చూస్తూ ఆరు నెలలు చెప్పకపోవడం వీళ్ల తప్పు. కొత్త పీవీసీ తలుపు 4,800 అయితే చెరి సగం. బూజు కడిగించిన కూలి, చీరల డ్రైక్లీనింగ్ అద్దెకున్నవాళ్లు పెట్టుకున్నారు. ముప్పై ఐదు వేల ఎస్టిమేట్ సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

చెప్పడం గురించి ఒక మాట. 'నాకెప్పుడూ చెప్పలేదు' అని ఓనర్ మొదట్నుంచీ అంటున్నారు. చెప్పాననే అబ్బాయి అంటున్నాడు. అతను చెప్పింది వాచ్‌మన్‌కు. ఓనర్‌కు పంపిన మొదటి వాట్సాప్ మెసేజ్ నవంబర్ చివరిది, అప్పటికే సీలింగ్ నల్లబడింది. దిగినరోజు తీసిన మరక ఫొటో మాత్రం అతన్ని కాపాడింది. తేదీతో ఫొటో, ఓనర్‌కే నేరుగా మెసేజ్. ఈ రెండూ ఉంటే నా ఫీజు అక్కర్లేకుండానే కొన్ని గొడవలు తేలిపోతాయి.

నా వరకు మారింది ఏమిటంటే, ఇప్పుడు చలికాలం కేసు వస్తే మొదటిసారే పొద్దున వెళ్తున్నాను, సీలింగ్ కంటే ముందు టెర్రస్ ఎక్కి డక్ట్ చూస్తున్నాను. పైవాళ్ల ఆరు వేలకు బదులు నా ఫీజు తీసుకోలేదు. ఆ ఇంటావిడ మాత్రం లిఫ్ట్‌లో కనిపిస్తే ఇప్పటికీ నాతో మాట్లాడరు.

ఆ కుటుంబం జూన్‌లో ఆఫీసుకు దగ్గరగా ఇల్లు మారింది. అడ్వాన్స్‌లో ఒక నెల పెయింటింగ్‌ది పోను మిగతాది ఆ రోజే చేతికిచ్చారట. మొన్న వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, కొత్తగొచ్చినోళ్లు ఆ తలుపు కింది జాలీకి టేపు ఏసిన్రు, బల్లులొస్తున్నయంట." వచ్చే ఆదివారం పొద్దున ఏడున్నరకు వస్తానని చెప్పాను.